బైండరు గారి బండిలో పాట

బైండరు గారి కారు మీద చెయ్యి వెయ్యాలంటే ఆ వీధిలో పిల్లి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించేది.

ఆయన పుస్తకాలు కుట్టే పనిలోనే తల నెరిసిన మనిషి. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లోవాళ్ళ వరసలు పోను, మిగతా లోకానికంతటికీ ఆయన బైండరు గారే. దుకాణం మూసేశాక ఆయన ప్రాణమంతా షెడ్డులో ఉన్న పాత కారులోకి వెళ్ళి కూర్చుంది. పావురం వీపు మీద కనబడే బూడిద రంగు కారది. అందుకని దాన్ని పావురం అనేవారు. పొద్దున్నే లేచి కాఫీ కంటే ముందు దాని మొహం చూసేవారు. దుమ్ము పడిందంటే తనకే నలత చేసినట్టు కలవరపడేవారు.

ఏటా ఊరి బయట మైదానంలో పాత కార్లవాళ్ళంతా చేరేవారు. అందులో ‘అసలు రూపం’ అని ఒక పోటీ ఉండేది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఇవాళా అలాగే ఉన్న బండికి వెండి కప్పు. మరమ్మతు చేసుకోవచ్చు, మార్పు మాత్రం చెయ్యకూడదు. ఆ కప్పు చాలా ఏళ్ళుగా బైండరు గారి ముందుగదిలోనే కాపురం చేస్తోంది. నిర్వాహకులు ఏడాదికోసారి వచ్చి, మెరుగు పెట్టించడానికి పట్టుకెళ్ళి, మళ్ళీ తెచ్చి ఆయన చేతికే ఇచ్చేవారు.

అంత బాగా సాగుతున్న కాపురంలో ఆయన భార్య ఒకరోజు సమ్మె ప్రకటించింది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఊరందరి గొంతులూ విన్న చెవులకి ఇప్పుడు పాటలు తప్ప మరేమీ అక్కర్లేదు. కూరగాయలు తరుగుతున్నా పాటే, బట్టలు మడతపెడుతున్నా పాటే. ఒక్క పావురంలో మాత్రం పాట లేదు. డాష్‌బోర్డులో ఉన్న పాత రేడియో మూగబోయి ఎంతో కాలమైంది. దాన్ని అందం కోసం అలాగే ఉంచారు.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కంచం పక్కకి జరిపి, “ఇకమీదట నేనా బండెక్కను,” అంది.

“ఏమొచ్చింది?”

“ఏమొస్తుంది? దాంట్లో నాకు వినబడేవి రెండే. ఇంజను గోల, మీ గోల. ఇంజనైనా మలుపుల దగ్గర కాస్త తగ్గుతుంది.”

కొడుకు పళ్ళెంలోకి తల దించుకుని నవ్వాడు. బైండరు గారు వాడివైపు చూశారు. వాడు నవ్వు మింగేశాడు. ఎందుకంటే ఈ విషయంలో నవ్వే హక్కు ఆ ఇంట్లో వాడికొక్కడికే లేదు.

వాడిది కళ్ళద్దాల షాపు. రెండేళ్ళ కిందట, తండ్రి ఇంట్లో లేనప్పుడు, అమ్మను సంతోషపెడదామని కొత్త స్టీరియో కొనుక్కొచ్చి పావురంలో బిగించాడు. స్విచ్చి వేశాడు. పాట రాలేదు, పొగ వచ్చింది. స్టీరియో అక్కడికక్కడే ప్రాణం విడిచింది. పావురానికి ఫ్యూజు ఒక్కటే పోయింది గానీ, ఆ కమురు వాసన వారం పాటు సీట్లలో ఉండిపోయింది. “పొద్దస్తమానం జనం కళ్ళకి ప్లస్సూ మైనస్సూ చూసి అద్దాలిచ్చేవాడివి! బండిలో ఏది ప్లస్సో ఏది మైనస్సో తెలీలేదట్రా నీకు?” అని బైండరు గారు అరిచిన అరుపు మూడిళ్ళ అవతలికి వినబడింది. ఆ మాట వీధంతా పాకింది. ఇప్పటికీ షాపుకి వచ్చేవాళ్ళు, “ప్లస్సేనా బాబూ? మళ్ళీ ఒకసారి చూడు,” అని ఆటపట్టిస్తుంటారు.

ఆ రోజుతో పావురంలో స్టీరియో అన్న మాటే నిషేధం.

“నేను పెడతాను మామయ్యా,” అంది కోడలు.

ఆ పిల్లది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన జనాన్ని కంగారు పెట్టకుండా కిందికి దించడం ఆమెకు రోజువారీ వ్యవహారం. అందుకేనేమో, ఎంత పెద్ద విషయమైనా ఉప్పందుకోమన్నంత మామూలుగా చెబుతుంది.

బైండరు గారు మజ్జిగ గ్లాసు దించారు. కోడలి పని మీద ఆయనకు గౌరవం లేకపోలేదు. కానీ లిఫ్టు లిఫ్టే, పావురం పావురమే.

“ఒక్క చిల్లు పొడవకూడదు.”

“పొడవను.”

“బయటికి ఏమీ కనబడకూడదు.”

“కనబడదు.”

“నేను తీసెయ్యమన్న రోజున ఆనవాలు లేకుండా తీసెయ్యాలి.”

“అంతేనా? మా లిఫ్టుల్లో అయితే ఇన్ని షరతులకు తోడు కింద మనుషులు కూడా వేలాడుతుంటారు,” అంది కోడలు, పెరుగు వడ్డించుకుంటూ.

అత్తగారు ఫక్కున నవ్వింది. అంతటితో ఒప్పందం కుదిరినట్టే అయింది. బైండరు గారు సరే అన్నట్టు ఎవరికీ గుర్తులేదు, ఆయనకు కూడా.

ఆదివారం పొద్దున కోడలు జుట్టు ముడేసుకుని, మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు వేసుకుని షెడ్డులోకి వచ్చింది. బైండరు గారు అప్పటికే ఒక ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. పక్కన మూత పెట్టిన బకెట్టు ఉంది.

ఆమె ఏ పనిముట్టూ తియ్యకముందే మీటరు తీసి, దాని ఒక మొన బ్యాటరీకి, రెండో మొన కారు బాడీకి ఆనించి చూసింది. మొనలు అటూ ఇటూ మార్చి మళ్ళీ చూసింది. నెమ్మదిగా తలెత్తింది.

“మామయ్యా, మీ పావురం తలకిందుల రకం.”

“అంటే?”

“ఇప్పటి కార్లలో బ్యాటరీ మైనస్సు తెచ్చి బాడీకి కలుపుతారు. దీంట్లో ప్లస్సు కలిపారు. స్టీరియోలేమో బాడీ అంటే మైనస్సే అనుకుని తయారవుతాయి. మామూలుగా బిగిస్తే భగ్గుమంటుంది. పోయినసారి మీ అబ్బాయి చేసింది అదే.” ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. “మీకీ సంగతి తెలుసా?”

“తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“నువ్వు కనుక్కుంటావో లేదో చూద్దామని.”

“కనుక్కోకపోతే?”

బైండరు గారు బకెట్టు మూత తీసి చూపించారు. నిండా ఇసుక.

కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ఇసుక వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. బ్యాటరీ కనెక్షను ఊడదీసి పక్కన పెట్టి, “పరీక్ష అయిపోయిందిగా, ఇక లేచి ఈ టార్చి పట్టుకోండి,” అంది. ఆయన లేచారు. బ్యాటరీ ఊడదీశాక గానీ పని మొదలుపెట్టని మనిషిని చూస్తే ఆయనకు మొదటి నుంచీ నమ్మకం. టార్చి వెలుగు ఆమె చేతుల మీద పడేలా పట్టారు.

ఆమె ఆలోచన చక్కగానే ఉంది. స్టీరియోని డాష్‌బోర్డు సొరుగు లోపల, వెనక గోడకి ఆనుకునేలా దాచేస్తుంది. సొరుగు మూస్తే ఏమీ కనబడదు. పాట ఫోన్లోంచి గాలిలోనే వస్తుంది కాబట్టి మీటలు నొక్కే పనే లేదు. దాని ప్లస్సునీ మైనస్సునీ బండి తీరుకి తగ్గట్టు కలుపుతుంది. కాకపోతే ఒక చిక్కు. స్టీరియో పైనున్న రేకు పెట్టె కారు రేకుకి ఎక్కడా తగలకూడదు. తగిలిందా, మళ్ళీ ఫ్యూజే.

డాష్‌బోర్డు కిందికి తల దూర్చి కొలతలు తీస్తున్న కోడలు లోపల్నించే కేకేసింది. “మామయ్యా, గట్టి అట్ట కావాలి!”

బైండరు గారు ఇంటివైపు తిరిగి, “ఏమే, నిన్నే పిలుస్తోంది!” అన్నారు.

ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. “ఏంటమ్మా?”

“అత్త కాదు మామయ్యా, అట్ట! పుస్తకాల అట్ట!”

“గట్టి అత్త అంటే నేనే అనుకున్నారా?” అని ఆవిడ మొగుడి వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అట్ట అనేసరికి బైండరు గారి ఒంట్లోకి పాత రోజులు వచ్చేశాయి. అటక మీదున్న పెట్టె దించారు. ఒత్తు అట్ట, బైండింగు గుడ్డ, జిగురు పొడి, మైనం రాసిన దారం, మడతలు అదిమే నున్నటి పుల్ల, అన్నీ పెట్టిన చోటే ఉన్నాయి. కోడలి కొలతలు చూసి, “ఇది పెట్టె కాదు, నిఘంటువు కొలత,” అన్నారు. అట్ట కోసి, మూలలు కలిపి, లోపలా బయటా గుడ్డ అంటించి, మూత దగ్గర పుస్తకానికి వీపు పెట్టినట్టు గుండ్రంగా మలిచారు. వేడి పోవడానికి అటూ ఇటూ కన్నాలుండాలని కోడలు అంటే, చతురస్రంగా కోసి అంచులకు గుడ్డ మడిచారు. స్టీరియోని అందులో పెడితే ఒరలో కత్తిలా దిగింది.

వెనక అద్దం కింద ఉండే అట్ట పలకని కూడా ఊడదీసి అటకెక్కించారు. అచ్చంగా దానిలాంటిదే ఇంకొకటి చేసి, దానికి అడుగున స్పీకర్లు బిగించి, పైన అదే రంగు గుడ్డ కప్పారు. కోడలు గుడ్డ మీద అరచెయ్యి ఆనించి చూసి, “స్పీకరు ఎక్కడుందో నాకే తెలీడం లేదు,” అంది. బైండరు గారు దగ్గారు. పొగిడితే దగ్గు రావడం ఆయనకు మామూలే.

వారం తిరిగేసరికి పాట వచ్చింది. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి ఇంజను వేశారు. ఆవిడ ఫోన్లో మీట నొక్కింది. పాట వచ్చిన మాట నిజమే. దానితోపాటు సన్నటి కూత ఒకటి వచ్చింది. ఇంజను వేగం పెంచితే కూతా పెరిగింది, తగ్గిస్తే తగ్గింది.

“పాట బానే ఉంది,” అంది ఆవిడ. “మధ్యలో ఈ దోమెవరు?”

కోడలు చెవి ఒగ్గి వింది. “డైనమో గోల. డాష్‌బోర్డు వెనకనున్న పాత వైరు నుంచి కరెంటు తీసుకున్నాను కదా, అదంతా పాటలోకి వచ్చేస్తోంది. బ్యాటరీ దగ్గర్నుంచి నేరుగా రెండు వైర్లు లాక్కోవాలి.”

“లాక్కో,” అన్నారు బైండరు గారు.

కోడలు ఇంజను ఆపించి బానెట్ ఎత్తింది. ఇంజనుకీ లోపలికీ మధ్య ఉన్న రేకు గోడకి ఒకే ఒక్క కన్నం ఉంది. కారు వైర్లన్నీ కట్టగా అందులోంచే వస్తాయి. ఆ కట్ట పొడుగునా వేలెడు సందు లేకుండా కుట్టు ఉంది. మైనం దారంతో, ముడికి ముడి సమానంగా, పుస్తకం వీపు కుట్టినట్టు కుట్టింది బైండరు గారే. కొడుకు ఇంకా పాకుతున్న రోజుల్లో, వైర్ల మీది పట్టీ చీకిపోతే తీసేసి, కొన్ని వారాలు కూర్చుని కుట్టారు. బానెట్ తెరిచిన ప్రతివాడికీ ఆయన ముందు చూపించేది ఇంజను కాదు, ఆ కుట్టు.

“కొత్త వైర్లు దూరాలంటే కట్ట విప్పాలి మామయ్యా,” అంది కోడలు. “మీరు వద్దంటే వద్దు. దోమతోనే వింటాం.”

బైండరు గారు ముందు బ్యాటరీ కనెక్షను ఊడదీశారు. తర్వాత పెట్టెలోంచి సన్నటి కత్తి తెచ్చుకున్నారు. “ఇంకొకళ్ళు కోస్తే చూడలేను,” అని తనే మొదటి ముడి తెంపారు.

దారం తెగి, కట్ట కాస్త విచ్చుకుంది. లోపలి వైరు ఒకదాన్ని పక్కకి జరపబోతే దాని మీది తొడుగు పెళుసు బిస్కెట్టులా పొడి పొడిగా రాలిపోయింది. కింద రాగి తీగ బోసిగా మెరిసింది. పక్క వైరూ అంతే. దాని పక్కదీ అంతే. బైండరు గారు ఇంకో ముడి తెంపారు, ఇంకోటి తెంపారు. బోసి తీగలు ఒకదానికొకటి వెంట్రుక వాసిలో ఉన్నాయి. రెండు కలిస్తే చాలు, పావురం బూడిద రంగు కాదు, బూడిదే అయ్యేది.

ఆయన కత్తి బ్యాటరీ పక్కన పెట్టేసి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

వంటింట్లో ఆయన భార్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. “మొహం అలా వేలాడేశారేం?”

“ఇన్నాళ్ళూ ఊరందరికీ చూపించుకుని మురిసిపోయాను. లోపలంతా కుళ్ళి ఉంది. నిన్ను అందులోనే కూర్చోబెట్టి తిప్పాను.”

ఆవిడ చేట పక్కన పెట్టింది. “మీరు కుట్టిన పుస్తకంలో కాగితం పాతబడి పొడైపోతే, కుట్టు తప్పని ఎవరైనా అన్నారా?”

“ఇది పుస్తకం కాదు.”

“దారం మీదేగా? దారం తెగిందా?”

“లేదు.”

“మరి తెగనిదాని గురించి ఏడుపెందుకు? ఆ పిల్ల ఒక్కతే ఉందక్కడ. వెళ్ళండి.”

ఆయన వెళ్ళేసరికి కోడలు కట్ట మొత్తాన్ని చేత్తో తడిమి చూస్తోంది. ఆయన రావడం చూసి, “మామయ్యా, ఒక మాట. మీ కుట్టే లేకపోతే ఇది ఎప్పుడో అంటుకునేది,” అంది. “వైరు కదిలితేనే తొడుగు రాలుతుంది. బండి ఎంత ఊగినా ఒక్కటీ కదలకుండా పట్టి ఉంచింది మీ దారమే.”

“ఓదార్పుకి అంటున్నావా?”

“మా పనిలో ఓదార్పులుండవు. తాడు బాగుంటే బాగుందంటాం, పాడైతే మార్చెయ్యమంటాం. వైర్లు మార్చాలి. కుట్టు మాత్రం ఇదే కావాలి. నాకు నేర్పండి.”

ఆ మాటకి ఆయన పెట్టెలోంచి మైనం దారం తీశారు. ఈసారి దగ్గలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో సెలవు రోజులన్నీ షెడ్డులోనే గడిచాయి. నూలు అల్లిక ఉన్న వైరు, పాతవాటి రంగులవే, పాత కార్ల సామాను అమ్మేవాళ్ళ దగ్గర వెతికించి తెప్పించింది కోడలు. ఒక్కో వైరు తీసి, దాని చోట కొత్తది వేసి, రెండు కొసలూ మీటరుతో సరిచూసి, అప్పుడు గానీ రెండోదాని జోలికి వెళ్ళేది కాదు. స్టీరియో వైర్లు రెండూ నేరుగా బ్యాటరీకి వెళ్ళాయి. వాటికి వేరే ఫ్యూజు పెట్టింది. బైండరు గారు మైనం రాసిన దారం సూదికెక్కించి ముడి ఎలా తిప్పాలో చూపించారు. ఆమె మొదట కుట్టిన జానెడు చూసి, కత్తితో మొత్తం కోసేశారు.

“బానే ఉంది కదా!”

“ఊరికే ‘బానే ఉన్న’ పని మనింటి గుమ్మం దాటదు. మళ్ళీ కుట్టు.”

ఆమె మళ్ళీ కుట్టింది. రెండోసారీ కోశారు. మూడోసారి కత్తి కింద పెట్టి, పక్కకి జరిగి ఆమెకు చోటిచ్చారు. బదులుకు బదులన్నట్టు ఆమె కూడా ఆయన్ని వదల్లేదు. ఒకచోట ఆయన అందం కోసం వైరుని లంబకోణంలో వంచితే, “అలా విరిచినట్టు వంచితే పదేళ్ళకి అక్కడే తెగుతుంది మామయ్యా, విప్పండి,” అంది. ఆయన విప్పారు. దుకాణంలో ఎవరి మాటా వినని మనిషి నోరెత్తకుండా విప్పడం చూసి, కిటికీలోంచి ఆయన భార్య ముక్కున వేలేసుకుంది.

పని పూర్తయిన సాయంత్రం హెడ్‌లైట్లు వేస్తే షెడ్డు గోడ మీద వెలుగు పసుపుగా కాక తెల్లగా పడింది. “ఇన్నాళ్ళూ పాపం దీనికి చూపు సరిగ్గా లేదన్నమాట,” అన్నాడు కొడుకు. “నా షాపుకి తీసుకురావాల్సింది.” బైండరు గారు కూడా నవ్వేశారు.

నలుగురూ బండెక్కారు. అత్తగారు పాట పెట్టింది. వీణ తీగ మీటిన చప్పుడు వెనక నుంచి మెల్లగా వచ్చి, ముందు సీట్ల మధ్య కూర్చున్నట్టు నిలిచింది. కూత లేదు. గరగర లేదు. బైండరు గారు వేగం పెంచారు, తగ్గించారు, మలుపులో మళ్ళీ పెంచారు. పాట పాటగానే ఉంది. ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలయ్యే లోపల కాసేపు ఏమీ వినబడలేదు. ఆ ఏమీ వినబడకపోవడమే ఆయనకు అన్నిటికంటే నచ్చింది. అద్దంలోంచి కోడలి వైపు చూశారు. ఆమె కూడా కళ్ళు మూసుకుని ఆ ఖాళీనే వింటోంది. దాని విలువ ఆ బండిలో వాళ్ళిద్దరికే తెలుసు.

ఆ రోజు ఆయన భార్య ఇంటికి పోనివ్వలేదు. పెట్రోలు ముల్లు కిందికి దిగేదాకా ఊరంతా తిప్పించింది.

మైదానంలో పాత కార్ల పోటీ వచ్చింది. బయల్దేరే ముందు కోడలే అంది. “అక్కడ పాట కట్టేసి ఉంచుదాం మామయ్యా. సొరుగులో అట్ట పెట్టె తప్ప ఏమీ కనబడదు. వైర్లు మార్చడం మరమ్మతే కాబట్టి అభ్యంతరం లేదు. మీ కప్పు మీకే.”

“ఊఁ,” అన్నారాయన. కప్పు సంగతి వచ్చేసరికి అంతకు మించి ఆలోచించలేదు.

ఆ ఏడు బండ్లను పరీక్షించడానికి పొరుగూరి నుంచి కొత్తగా వచ్చిన పెద్దాయన్ని అందరూ టార్చి గారు అంటారు. పట్టపగలు కూడా చేతిలో టార్చి లేకుండా కనబడడు. బండి కింద పడుకుని మరీ చూస్తాడు. ఆయన పావురం తలుపులు తెరిచాడు, మూశాడు. సీట్లు నొక్కాడు. సొరుగు తెరిచి, లోపలున్న గుడ్డ పెట్టెను చూసి, కాగితాలు దాచుకునేదనుకుని మూసేశాడు. వెనక పలక మీద చెయ్యి రాశాడు. కోడలు కాస్త దూరంలో చేతులు కట్టుకుని, ఎవరి బండో అన్నట్టు ఎటో చూస్తూ నిలబడింది. చివరికి టార్చి గారు బానెట్ ఎత్తించాడు. వెలుగు వైర్ల కట్ట మీద పడి, దాని వెంటే మెల్లగా పాకింది. ఆయన వంగాడు. ఇంకా వంగాడు. చుట్టూ ఉన్న నలుగురినీ పిలిచాడు.

“రండయ్యా, రండి, ఇది చూడండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో ఎంత శ్రద్ధగా చేసేవాళ్ళో! ముడికి ముడి ఎలా ఉందో చూడండి. ఇలాంటి పని ఇప్పుడెవరికి చేతనవుతుంది?”

బైండరు గారు అలాగే ఉండిపోయి ఉంటే కథ వేరే విధంగా ఉండేది. ఆయన కోడలి వైపు చూశారు. ఆమె ఇంకా ఎటో చూస్తోంది. పెదవి చివర చిన్న నవ్వుంది. ఈ పూట తను నోరు మూసుకుంటే, ఆ పిల్ల చేసిన పని ఏటా ఫ్యాక్టరీ ఖాతాలోకి పోతుంది. ఏటా పాట నోరు నొక్కి తీసుకురావాలి. అంత మంచి పని దొంగసొత్తులా దాక్కోవాలి.

“ఎవరికి చేతనవుతుందా?” అన్నారాయన. తన గొంతు అంత పెద్దగా వస్తుందని ఆయనే అనుకోలేదు. “మా కోడలికి చేతనవుతుంది! ఫ్యాక్టరీ పని కాదది, మా కోడలి పని. అదిగో, అక్కడ నిలబడింది చూడండి, ఆవిడే!”

అందరూ తిరిగి చూశారు. కోడలు కంగారుగా తల అడ్డంగా ఊపింది. ఆయన చూడనట్టే ఉన్నారు.

“మరమ్మతే కదా, మంచిదే,” అన్నాడు టార్చి గారు. “మార్పైతే ఏమీ...”

“మార్పు కూడా ఉంది. ఏమే, పాట పెట్టు!”

ఆ మాట కోసమే పుట్టినట్టు ఆయన భార్య ఫోను తీసింది. పావురం గొంతెత్తింది. టార్చి గారు ఉలిక్కిపడి డాష్‌బోర్డులోని పాత రేడియో మీద చెవి పెట్టాడు. అక్కడ లేదు. సీటు కింద వెతికాడు, లేదు. వెనకకి పరిగెత్తాడు. పాట అన్ని పక్కల నుంచీ వస్తోంది, ఎక్కడినుంచీ రావడం లేదు. చూస్తున్నవాళ్ళు నవ్వడం మొదలెట్టారు. చివరికి ఆయన చేతులెత్తేసి, “ఎక్కడుందండీ బాబూ?” అన్నాడు.

బైండరు గారు సొరుగు తెరిచి గుడ్డ పెట్టెను బయటికి లాగి, పుస్తకం అట్ట తిప్పినట్టు మూత తిప్పారు. “ఒక్క చిల్లు పొడవలేదు. కావాలంటే వెతుక్కోండి. పెట్టె నాది. తక్కినదంతా ఆవిడది.”

టార్చి గారు పెట్టె లోపలికి టార్చి వేసి చూశాడు. తర్వాత జాలిగా, “మీకు తెలుసు కదండీ... ‘అసలు రూపం’లో ఇక ఇవ్వలేను,” అన్నాడు.

“ఇవ్వమని అడిగానా?”

“మామయ్యా, ఎందుకు చెప్పారు?” అంది కోడలు దగ్గరకొచ్చి, మెల్లగా. “ఎవరికీ తెలిసేది కాదు.”

“అందుకే చెప్పాను,” అన్నారాయన. “తెలియకపోతే ఎలా?”

ఆమె కళ్ళు తుడుచుకోబోతే చేతికున్న గ్రీజు బుగ్గకి అంటుకుంది.

అప్పటికే పావురం చుట్టూ జనం మూగారు. ఎర్ర కారాయన తన బండి కూడా తలకిందుల రకమేనని, ఏ మెకానిక్కూ చెయ్యి పెట్టనంటున్నాడని మొర పెట్టుకుంటున్నాడు. ఇంకొకాయన, “మాకూ చేస్తారామ్మా?” అని కోడలిని అడిగితే, “ముందు మీటరు పెట్టి చూడాలండి,” అని ఆమె మామూలు గొంతుతోనే మొదలుపెట్టి, కరెంటు ఎటునుంచి ఎటు వెళ్తుందో చెప్పసాగింది. వెనకనున్నవాళ్ళు కనబడ్డం లేదని మెడలు చాచారు. బైండరు గారు టార్చి గారి చేతిలోంచి టార్చి తీసుకున్నారు. ఆమె వేలు ఎక్కడ పెడితే అక్కడ వెలుగు వేస్తూ, ఎవరైనా మధ్యలో మాట్లాడబోతే, “ఆగండి, ఆవిడ చెబుతోంది కదా!” అని కసురుతూ నిలబడ్డారు.

మైదానం అవతలి వైపు మైకులో పేర్లు పిలిచారు, చప్పట్లు కొట్టారు. కప్పు నల్ల కారాయనకి వెళ్ళిందని ఇంటికొచ్చాక కొడుకు చెబితే గానీ ఆయనకు తెలియలేదు.

“అలాగా,” అన్నారు బైండరు గారు. “మంచి బండే.” అని, వచ్చే ఆదివారం వస్తానన్న ఎర్ర కారు సొరుగు ఎంత వెడల్పుంటుందోనని, అటక మీంచి అట్టల పెట్టె దించుకున్నారు.